మొగ్గ తప్పిన అంచు

నా చిన్నప్పుడు మా మగ్గం మీద పుట్టిన కొత్త అంచును అందరికంటే ముందు కట్టుకునేది మా ఊరి పెద్ద పీరు. ఆడవాళ్లెవరైనా ఆ తర్వాతే. మాది మైదుకూరు నుంచి ఎద్దులబండి మీద ఒక పూట ప్రయాణంలో ఉండే నేతగాళ్ల ఊరు. ఇంటి ముందరి గదిలో గుంత తవ్వి, అందులో కాళ్లు దించుకుని కూర్చుని నేసే మగ్గాలు వీధి పొడవునా ఉండేవి. మాకున్నది ఒక్క మగ్గం. ఇంటిల్లిపాదీ దాని మీదనే బతకాలి.

ఈ సంగతి ఇప్పుడు చెప్పడానికి కారణం మా మనవడు. వాడికి పట్నంలో బట్టల అంగడి ఉంది. మొన్న వాళ్ల వీధిలో పండగ పందిరికి చందా అడగడానికి కుర్రాళ్లు వస్తే ఇచ్చాడు. ఇచ్చి ఊరుకున్నాడా, పందిట్లో ప్రతి ట్యూబులైటు మీదా తన అంగడి పేరు రాయించాడు. పేరు నిండిపోయి వెలుగు రావడానికి చోటు లేదు. ఆ మసక వెలుతురులో దేవుడి మొహం కనబడక నేను తడుముకుంటూ దండం పెట్టుకున్నాను. ఇంటికొచ్చి అడిగితే, "ఊరికే ఇస్తే మనకేమొస్తుంది అవ్వా?" అన్నాడు. తప్పు ప్రశ్నేమీ కాదు. చిన్న అంగడి పెట్టుకున్నవాడు ఆ లెక్క చూసుకోవాల్సిందే. కానీ దానికి జవాబు నాకు ఒక మాటలో చెప్పడం రాదు. చెప్పాలంటే మా అత్త సంగతి చెప్పాలి. 

పీర్ల పండగ చూడని పిల్లలు మా ఇంట్లోనే ఉన్నారు కాబట్టి ముందు అది చెబుతాను. పీర్లంటే పొడవాటి కర్రలకు బిగించిన ఇత్తడి హస్తాలు. ఏడాదంతా పెట్టెలో ఉంటాయి. మొహర్రం నెల రాగానే పీర్లచావిడిలో నిలబెట్టి, పదోనాడు ఇంటింటికీ తిప్పి, చివరికి ఏటికి తీసుకుపోతారు. సాయబులు, నేతగాళ్లు, కాపులు అనే తేడా లేకుండా ఊరంతా మొక్కుకునేది. మొక్కుకున్నవాళ్లు పీరుకు కట్టే గుడ్డను దట్టీ అంటారు. మిగతావాళ్లు అంగట్లో కొన్న గుడ్డముక్క తెచ్చి కట్టేవారు. మా ఇంటి దట్టీ మాత్రం పీరు కోసమే మగ్గమెక్కేది. పెద్ద పీరుకు మొదటి దట్టీ మా ఇంటిదే. ఈ ఆనవాయితీ ఎప్పుడు మొదలైందో మా జేజికి కూడా తెలియదు. నాయనను కన్నతల్లిని మా వైపు జేజి అంటాం.

మా జేజి మంచి గట్టిది. దట్టీకి వాడే నూలు తనే ఏరేది. చీరకు పెట్టే నూలుకన్నా అది మేలుగా ఉండాలి. నేసి కోసిన తర్వాత గుడ్డను వాకిట్లోకి తెచ్చి ఎండకు ఎదురుగా పట్టుకుని, పోగు పోగూ వేలితో తడిమి చూసేది. ఒక్క పోగు పొరపాటు పడినా ఆ గుడ్డ పక్కన పెట్టి మళ్లీ నేయించేది. మా నాయనకు ఒళ్లు మండేది. ఊరికే ఇచ్చేదానికి ఇంత చాదస్తమా అని గొణుక్కునేవాడు. జేజి వినేది, వదిలేసేది.

ఆ దట్టీకి ప్రతి ఏడూ కొత్త అంచు ఉండాలి. పీరు ఇంటింటికీ వచ్చినప్పుడు ఆడవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి, పీరు ఎత్తుకున్నవాళ్ల కాళ్ల మీద పోసి, దండం పెట్టుకుంటూ తలెత్తి చూస్తారు గదా. అప్పుడు అందరి కళ్లకూ మొదట కనబడేది ఆ అంచే. పండగ అయిపోయిన వారానికి ఒక్కొక్కరే మా వాకిట్లోకి వచ్చేవారు. పెళ్లిళ్లకని ఒకరు, బిడ్డ పుట్టిందని ఒకరు, పీరు కట్టుకున్న అంచుతో చీర కావాలనేవాళ్లు. పక్క ఊళ్ల నుంచి పండగ చూడవచ్చిన చుట్టాలు పోతూపోతూ చెప్పి పోయేవారు. కమలాపురం సంతకు మా చీరలు పోకముందే వాటి పేరు పోయేది. మా మగ్గానికి ఏడాదిలో సగం పని అక్కడే దొరికేదని నాకు పెద్దయ్యాక అర్థమైంది.

అయితే జేజికి ఒక పట్టింపు ఉండేది. పీర్లు ఏటికి పోయేదాకా చీర మాట ఎవరూ ఎత్తకూడదు. ఊరేగింపులో ఎవరైనా ఆశగా, "పెద్దమ్మా, ఈ అంచు నాకొకటి" అన్నారో, మొహమ్మీదే కసురుకునేది. "పీరు ముందర బేరమేందమ్మీ? ఏటికి పోనీ, రా" అనేది. ఒకసారి నేను అడిగాను, సంతలో పెడితే ఇంకా ఎక్కువమంది చూస్తారు గదా, పీరుకెందుకు కట్టడమని. జేజి నా తలలో పేలు చూస్తూ చెప్పింది. "సంతలో మన చీరను కొనేటోళ్లే చూస్తారు పాపా. పీరు మీదైతే కొనలేనోళ్లు గూడా చూస్తారు. వాళ్లూ మనోళ్లే గదా."

ఆ అంచులన్నీ పుట్టించేది మా అత్త. నాయనకు చెల్లెలు. పెళ్లయి ఏడాది తిరక్కుండానే మొగుడు పోతే పుట్టింటికి వచ్చేసింది. అలాంటి మనిషి మొహం ఎలా ఉంటుందని మీరనుకుంటారో గాని, మా అత్త మాత్రం నవ్వకుండా రెండు మాటలు మాట్లాడేది కాదు. గోడ మీద చీమల బారు చూసి ఒక అంచు, కందిచేను పూత చూసి ఒక అంచు, రొట్టె మీద కాలిన చుక్కలు చూసి ఒక అంచు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఇది దేన్ని చూసి నేశానో చెప్పుకో అని ఆటపట్టించేది. నేను చెప్పలేకపోతే చెవి మెలిపెట్టేది. "పెద్ద పీరు మన ఇంటికి పెద్ద గిరాకీ పాపా. దుడ్లియ్యడు గాని, ఏటా తప్పకుండా వస్తాడు" అని నవ్వేది. మా అమ్మకు నా తర్వాత తమ్ముళ్లు పుట్టి చేతులు నిండిపోవడంతో నేను అత్త దగ్గరే తిని, అత్త దగ్గరే పడుకునేదాన్ని. అమ్మ ఒడికన్నా అత్త చీరకొంగు వాసనే నాకు బాగా గుర్తు. గంజి వాసన, రంగు వాసన కలిసి ఉండేది.

తర్వాత పెద్ద యుద్ధం వచ్చింది. యుద్ధం మా ఊరికి రాలేదు గాని, కంట్రోలు వచ్చింది. నూలు అంగట్లో దొరకడం ఆగిపోయింది. కంట్రోలువాళ్లు ఇచ్చినప్పుడు ఇచ్చినంత. వీధిలో మగ్గాల చప్పుడు ఒక్కొక్కటిగా ఆగిపోతూ వచ్చింది. ఇంట్లో ఎవరికో ప్రాణం మీదకు వచ్చినట్టు ఉండేది ఆ నిశ్శబ్దం. కొంతమంది మగ్గం ఊడదీసి అటక మీద పెట్టి, ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ల గనుల్లో రాయి కొట్టడానికి పోయారు. పోగు పట్టుకునే వేళ్లు సుత్తి పట్టుకుంటే ఎన్నాళ్లు బాగుంటాయి? ఒకసారి పోయిన నేతగాడు తిరిగి మగ్గమెక్కింది మేము చూడలేదు.

మా నాయన కూడా అదే మాట అన్నాడు. ఈ పండక్కి గిరాకీ వస్తే సరి, రాకపోతే మగ్గం ఊడదీసి తానూ రాళ్లకు పోతానని. ఆ మాట అంటున్నప్పుడు మా వైపు చూడలేదు, మగ్గం వైపే చూశాడు. అంతటితో అయిపోలేదు మా దరిద్రం. ఆ వానాకాలం అత్తకు చలిజ్వరం పట్టుకుంది. ఒకరోజు బాగానే లేచి తిరిగేది, మరుసటిరోజు ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పినా మంచం గడగడలాడేది. దానికి వేసే తెల్లమాత్రలు యుద్ధానికే సరిపోవడం లేదన్నారు. కషాయాలు పోశాం, తాయెత్తులు కట్టాం. మనిషి వెన్నలా కరిగిపోతూ వచ్చింది.

పండగ నెల దగ్గర పడింది. జేజి లోపలి గదిలోంచి ఒక కుండ తెచ్చింది. కంట్రోలు నూలు వచ్చిన ప్రతిసారీ ఎవరికీ తెలియకుండా కొంచెం కొంచెం తీసి అందులో దాచిందట. అది చూసి నాయనకు కోపం ఆగలేదు. "ఇంట్లో గంజికి గతిల్యాకుంటే పీరుకు పట్టుగుడ్డా అమ్మా? ఇది చీరలోకి వేసింటే ఒక చీరన్నా అయ్యుండు గదా!" అని అరిచాడు. జేజి కుండను దగ్గరికి లాక్కుంది. మంచం మీదనుంచి అత్తే లేచి కూర్చుంది. "అన్నా, ఈ ఒక్కటి నేయనీ. తర్వాత నువ్వు యాడికి పొమ్మంటే ఆడికి పోతాం" అంది. నాయన ఆమె మొహం చూసి, కండువా దులిపి భుజాన వేసుకుని బయటికి పోయాడు.

ఆ ఏడు అంచు మల్లెమొగ్గలు. పచ్చటి గుడ్డకు అంచు పొడవునా తెల్లటి చిన్న మొగ్గలు వరసగా పోవాలి. ఒక్కో మొగ్గకూ అంచులోని పోగులను వేళ్లతో పైకెత్తి, తెల్లపోగు దూర్చి, దింపి, అప్పుడు అడ్డపోగును లాక్కుపోయే నాడె విసరాలి. ఎత్తడం మరిచి నాడె విసిరితే అక్కడ మొగ్గ ఉండదు. తర్వాత అతికించడానికి కుదరదు, అక్కడిదాకా విప్పుకుంటూ రావాల్సిందే. జ్వరం లేనిరోజు అత్త మగ్గంలోకి దిగేది. నేను పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టి ఇచ్చేదాన్ని, నీళ్లు తాగించేదాన్ని, మెడ మీది చెమట తుడిచేదాన్ని. మొదట్లో అత్త ఎప్పటిలా నాతో పరాచికాలాడింది. పోనుపోను మాటలు తగ్గాయి. చివరికి జ్వరం రోజుకూ మంచి రోజుకూ తేడా లేకుండా పోయింది. చేతులు వణుకుతున్నా దిగడం మానలేదు. "చాలత్తా, రేపు నేద్దువులే" అంటే, "రేపు నాది కాదు పాపా, పీరుది" అనేది. ఆ మాట నాకప్పుడు అర్థం కాలేదు.

గుడ్డ కోసిన రోజు జేజి ఎప్పటిలా వాకిట్లోకి తెచ్చి ఎండకు పట్టింది. వేలు అంచు మీద మెల్లగా జరుగుతూ పోయి, ఒకచోట ఆగింది. మళ్లీ జరిగింది, మళ్లీ ఆగింది. పైన అంతా బాగానే ఉంది. కింది చెరగుకు వచ్చేసరికి మొగ్గల వరసలో ఖాళీలు. ఒకచోట ఒక మొగ్గ లేదు. ఇంకోచోట వరసగా రెండు లేవు. చివర్లో ఉన్న మొగ్గలకన్నా లేని మొగ్గలే ఎక్కువ. దట్టీ పీరుకు కడితే కిందికి వేలాడేది, గాలికి విచ్చుకునేది, అందరి కళ్లకూ ఎదురుగా ఉండేది ఆ చెరగే.

నాయన చూశాడు. ఈసారి అరవలేదు. అరిస్తేనే బాగుండేదనిపించింది. "కట్టొద్దమ్మా" అన్నాడు మెల్లగా. "ఊరంతా చూసే గుడ్డ. ఇది చూస్తే ఈ ఇంట్లో చెయ్యి పోయిందనుకుంటారు. ఇంక మన గడప తొక్కేదెవరు?" మళ్లీ నేయడానికి నూలు లేదు, నేసే మనిషీ లేదు. కడితే పరువుతో పాటు మగ్గం పోతుంది. కట్టకపోతే పెద్ద పీరు మొట్టమొదటిసారి మా దట్టీ లేకుండా బయల్దేరుతుంది. జేజి గుడ్డను ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చుండిపోయింది. లోపలినుంచి అత్త గొంతు వినబడింది. "అమ్మా, ఎట్ల ఉండాది?"

జేజి కళ్లు తుడుచుకుంది. "శానా బాగుండాది తల్లీ. ఇంత బాగా నువ్వెప్పుడూ నేయలే" అంది. పోగు పొరపాటు పడితే పీరుకు కట్టనిచ్చేది కాదు మా జేజి. ఆమె నోట అబద్ధం వినడం నాకదే మొదలు.

దట్టీ మడిచి చెంగు కింద పెట్టుకుని జేజి పీర్లచావిడికి బయల్దేరింది. నేనూ వెంట పోయాను. పీర్లను చూసుకునే ముజావరు భార్య ఎదురొచ్చి, ఎప్పటిలా రెండు చేతులతో అందుకుని, మడత విప్పి చూసింది. చూస్తూ చూస్తూ ఆమె చెయ్యి కింది చెరగు దగ్గర ఆగింది. జేజి తల దించుకుంది. ఊళ్లో ఎవరి ముందూ తల దించని మనిషి. "దానికి ఒళ్లు బాగలేదమ్మీ" అన్నది ఒక్కటే. ముజావరు భార్య మడత మళ్లీ పెట్టింది. గుడ్డను కళ్లకద్దుకుని లోపలికి తీసుకుపోయింది.

పదోనాడు మధ్యాహ్నం తర్వాత పీర్లు ఊరేగింపుకు లేచాయి. తప్పెట్ల మోత మా వీధి చివర వినబడగానే అత్త బయట కూర్చోబెట్టమని పట్టుబట్టింది. నాయన పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తుకొచ్చి అరుగు మీద కూర్చోబెట్టాడు. ఆమె వెనక గోడకు దిండు పెట్టి నేను ఆనుకుని, ఆమెను నా మీద ఆనించుకుని కూర్చున్నాను. ఆమె వీపు ఎముకలు నాకు గుచ్చుకుంటున్నాయి. దూలా దూలా అని కేకలు వేస్తూ జనం, ముందు చిన్న పీర్లు, ఆ వెనక పెద్ద పీరు. మా ఇంటి ముందర పెద్ద పీరు ఎప్పుడూ కొంచెం ఎక్కువసేపు నిలబడేది. అమ్మ బిందెతో నీళ్లు పోసింది. తప్పెట్లు ఆగాయి. గాలి ఒక్కసారి లేచి దట్టీ కింది చెరగు పూర్తిగా విచ్చుకుంది.

అత్త ఆశగా మెడ చాచి చూసింది. నేతగత్తె కన్ను గదా, ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.  "అమ్మా" అంది. "మొగ్గలు తప్పినాయే. తప్పు గుడ్డ కట్టించినావే పీరుకు." ఆ గొంతు గట్టిగా లేదు గాని, తప్పెట్లు ఆగి ఉన్నాయి గనక అందరికీ వినబడింది. నాయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు.  ఆ క్షణంలో మా అత్త మొహం ఎలా వాడిపోయిందో నేను చెప్పలేను. జ్వరం అన్ని నెలల్లో చేయలేని పని ఆ ఒక్క చూపు చేసింది.

అప్పుడు ముజావరు భార్య గుంపులోంచి ముందుకొచ్చింది. దట్టీ చెరగు తన చేతిలోకి తీసుకుని అందరికీ కనబడేలా చాచింది. "తప్పేందమ్మా?" అంది గట్టిగా. "నేను పొద్దున్నుంచి చూస్తాండా, ఇంత సింగారమైన అంచు నువ్వెప్పుడూ నేయలే. మొగ్గలు కోసుకున్న చెట్టు ఇట్లే గదా ఉండేది! కోసుకున్నకాడ ఖాళీ, కోయనికాడ మొగ్గ. పెద్దమ్మా, నాకొక చీర ఇదే అంచుతో కావాల. ఈ ఖాళీలన్నీ ఉండాల, ఒక్క మొగ్గ ఎక్కువేసినా నేనొప్పుకోను."

అందరూ జేజి వైపు చూశారు. పీరు ముందర చీర మాట ఎత్తితే జేజి ఎలా కసురుతుందో అందరికీ తెలుసు. ఇంతలో ఎదురింటి కాపులమ్మ, "నాకూ ఒకటి, నా కూతురు సీమంతానికి" అంది. ఆ వెనక ఇంకొకరు. ఆ వెనక బిందె పట్టుకున్న ముసలామె. ఏనాడూ మా ఇంట్లో చీర కొనలేని కూలి ఆడవాళ్లు కూడా, మాకూ మాకూ అంటూ మా అత్త అరుగు చుట్టూ చేరారు. ఎవరూ నవ్వులాటగా అనలేదు. బేరం ఆడినట్టే, గట్టిగా, పోటీపడి అడిగారు.

జేజి అందరినీ చూసింది. కసురుకోలేదు. "నేస్తాది" అంది. "నా బిడ్డ నేస్తాది. అందరికీ నేస్తాది." అని కూతురి తల తన పొట్టకు అదుముకుంది. పీరు ఎదుట నిలబడి ఉండగానే, ఏటికి పోకముందే, మా జేజి మొదటిసారి గిరాకీ ఒప్పుకుంది.

తప్పెట్లు మళ్లీ మొదలై పీరు కదిలిపోయింది. అత్త మొహంలోకి కొంచెం రక్తం వచ్చింది. నా చెవి పట్టుకుని మెలిపెట్టబోయింది, వేళ్లలో బలం చాల్లేదు. "చూసినావా పాపా, మొగ్గలు కోసుకున్న చెట్టంట. నాకే తట్టలే" అని నవ్వింది. ఆ పొద్దు రెండు ముద్దలు అన్నం కూడా తింది. రేపు కొంచెం నెమ్మదిస్తే మగ్గమెక్కుతానని, ముజావరమ్మ చీరే ముందు నేస్తానని మా అమ్మతో చెప్పింది. మరుసటి రోజు పొద్దెక్కేసరికి పోయింది. నేను లేపడానికి పోయి చేయి పట్టుకున్నాను. అంతకుమించి ఆ సంగతి చెప్పడం నావల్ల కాదు.

కర్మలు అయిపోయాయి. నాయన మగ్గం ఊడదీయడానికి సిద్ధమయ్యాడు. చావబోయే మనిషి ముందర ఏదో అన్నారు, ఇప్పుడెవరు వస్తారని అనుకున్నాడు. కానీ వచ్చారు. ముందు ముజావరు భార్యే వచ్చింది. ఏట్లో పీర్లను కడిగి దట్టీలు విప్పాక, మా దట్టీని మడిచి పట్టుకొచ్చింది. "చూసుకుని నేయప్పా" అని నాయన చేతిలో పెట్టింది. నూలు లేదమ్మా అని నాయన అంటే, వెనకే నిలబడ్డ కాపులమ్మ ముందుకొచ్చి, "కంట్రోలు నూలు లేకుంటే పాయ. చేలో పత్తి ఉండాది, ఇంట్లో రాట్నం ఉండాది. మా నూలు మేమే వడుక్కొస్తాం" అంది. అన్నట్టే ఒక్కొక్కరూ తమ చేత్తో వడికిన నూలు తెచ్చి మా వాకిట్లో పెట్టిపోయారు. ఎగుడుదిగుడు నూలు. దానికి గంజి పెట్టి, పడుగు చేసి నేయడం యాతనే. నాయన ఒక్క మాట అనకుండా చేశాడు.

నాయన తెలివిగా ఖాళీలను ఒక వరసలో పెట్టి నేద్దామని చూశాడు. ముజావరు భార్య ఒప్పుకోలేదు, ఆ బిడ్డ ఎట్ల వదిలిందో అట్లే ఉండాలంది. దట్టీని ఎదురుగా గోడకు తగిలించి, దాన్ని చూస్తూ నేయడం మొదలుపెట్టాడు. మొగ్గలు బాగానే ఎత్తుకుంటూ వచ్చాడు. మొదటి ఖాళీ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. తన చెల్లెలి చెయ్యి వణికి ఆగిన చోటది. అక్కడ తానూ కావాలని మొగ్గ వదిలేయాలి. శ్మశానంలో కూడా ఏడవని మా నాయన మగ్గం గుంతలో కూర్చుని, అంచు మీద తల ఆనించి, చిన్నపిల్లాడిలా గట్టిగా ఏడ్చాడు. జేజి వచ్చి వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. చాలాసేపటికి నాయన మొగ్గ వదిలేసి నాడె విసిరాడు.

మా మగ్గం అటకెక్కలేదు. నాయన రాళ్లకు పోలేదు. ఆ అంచు మా ఊరు దాటి మైదుకూరు అంగళ్లకు పోయింది. మొగ్గ తప్పిన అంచు కావాలని ఎక్కడెక్కడినుంచో కబురు వచ్చేది. కంట్రోలు పోయాక కూడా చాలాకాలం మా ఇంటికి అన్నం పెట్టింది అదే. లాభం వచ్చిందా అంటే వచ్చింది. ఆ లాభం తినడానికి మా అత్త మాత్రం లేదు. ఎవరైనా ఆ చీర కట్టుకుని మా వీధిలో నడిచిపోతుంటే, చూసి సంతోషపడాలో ఏడవాలో తెలియక నేను లోపలికి పోయేదాన్ని.

నా పెళ్లయ్యాక ఒకసారి పుట్టింటికి వచ్చినప్పుడు ముజావరు భార్య దగ్గర కూర్చుని అడిగాను. నిజంగా నీకా అంచు నచ్చిందా పెద్దమ్మా అని. ఆమె తమలపాకు బుగ్గన పెట్టుకుంది. "నచ్చేదేముండాది పాపా? అది తప్పు గుడ్డని నాకు చావిట్లోనే తెలుసు. ఊరందరికీ కనబడ్తానే ఉండె. ఎవరూ ఎవరికీ చెప్పుకోలే, నేను నోరు తెరిస్తే అందరూ అందుకున్యారు" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "మీ ఇల్లు ఏ పొద్దూ మా పీరును ఉత్త ఒంటితో పంపలే. ఆ పొద్దు మీ బిడ్డను ఉత్త చేతుల్తో ఎట్ల పంపుతాం?" అంది. నేను ఆమె ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చాను. 

ఇదీ నా జవాబు. మనవడికి అంతా చెప్పాను. అంగడి నుంచి ఫోనొస్తే వాడు లేచి వెళ్లాడు. వాడికి ఎంత ఎక్కిందో నాకు తెలియదు. ఊరి పండక్కి మనం ఏడాదికేడాది ఇచ్చుకుంటూ పోతే, ఊరు దాన్ని ఎక్కడో మనసులో పెట్టుకుంటుంది. మనకు నిలబడే బలం లేని రోజున తెచ్చి చేతిలో పెడుతుంది. అంగడికి గిరాకీ రావడం అందులో ఒక ముక్క మాత్రమే. పేరు రాసుకుంటే గిరాకీ రావచ్చు, నేను కాదనను. మా అత్త చుట్టూ చేరిన ఆ కూలి ఆడవాళ్లు మాత్రం పేరు చదివి రాలేదు.

నాకు ఆనాటినుంచి ఒక అలవాటు మిగిలిపోయింది. ఎవరైనా వణికే చేతులతో చేసిన పని తెచ్చి నలుగురి ముందర పెడితే, అది ముద్దయిన అన్నమైనా, వంకర కుట్టు కుట్టిన రవికైనా, శృతి తప్పిన పాటైనా, అందరికంటే ముందు నేనే నోరు తెరుస్తాను. శానా బాగుండాది, నాకూ ఒకటి కావాలంటాను. ఇంట్లోవాళ్లు అవ్వకు మతి పోయిందని నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఆ మాట వినడానికి మా అత్తకు ఒక్క పొద్దే మిగిలి ఉండింది. మా ఊరివాళ్లు ఆ పొద్దు పోకముందే అనేశారు.